తాగుడు మానాలనుకునేవారి సమావేశాలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

మద్యం మానాలని మనసులో అనుకుంటున్నవారూ, వారి ఇంట్లోవారూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. చాలామందిని మొదటి మీటింగు గడప తొక్కనీయకుండా ఆపేవి రెండు భయాలు. మానేస్తే ఒంటికి ఏమవుతుందో అన్నది ఒకటి, నలుగురూ చూస్తే పరువు పోతుందన్నది రెండోది. ఆ రెండూ వట్టి భయాలని కొట్టిపారేయదగినవి కావు కనుక వాటికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ఈ మీటింగులు అంటే ఏమిటి? వీటిని ఎవరు నడుపుతారు?

తాగుడు వల్ల నష్టపోయి, మానేసి, మళ్ళీ తాగకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నవారు ఒకచోట కూర్చొని తమ అనుభవాలు చెప్పుకొనే సమావేశాలు ఇవి. డాక్టర్లు గానీ, అధికారులు గానీ, జీతం తీసుకొనే సలహాదారులు గానీ వీటిని నడపరు. ఒకప్పుడు తాగినవారే నడుపుతారు. వీటిలో పాతదీ, మన దేశంలో ఎక్కువగా విస్తరించినదీ ఆల్కహాలిక్స్ అనానిమస్. వాడుకలో ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుకు బానిసలైనవారే. తమలాంటి మరొకరితో మనసు విప్పి మాట్లాడినప్పుడు ఆ పూట తాగకుండా ఉండగలుగుతున్నామని వారు గమనించడంతో ఇది మొదలైంది. మన దేశానికి 1957లో వచ్చింది. ఇందులో చేరడానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. దరఖాస్తు లేదు, రుసుము లేదు, కులం మతం అడగరు, హాజరుపట్టీ ఉండదు.

అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు నలభై ఒక్క రోజులు చుక్క ముట్టను. అలాంటప్పుడు నాకు వ్యసనం ఉన్నట్టా?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న అడగనివారు అరుదు. దీక్షలో మానగలగడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ వ్యసనాన్ని అంచనా వేయడానికి చూడవలసింది ఆ నలభై ఒక్క రోజులను కాదు, మాల తీసిన తరువాతి వారాన్ని. ఒక్క పెగ్గుతో ఆపుదామని కూర్చొని ఆపలేకపోతున్నారా, మునుపు ఒక క్వార్టరుతో వచ్చిన మత్తు ఇప్పుడు రెండింటికి గానీ రావడం లేదా, పొద్దున లేవగానే చేతులు వణికి మళ్ళీ తాగితే గానీ తగ్గడం లేదా, కాలేయం పాడైందని డాక్టరు చెప్పిన తరువాత కూడా కొనసాగిస్తున్నారా అన్నవి అసలు ప్రశ్నలు. మానసిక వైద్యులు వ్యసనాన్ని గుర్తించే లక్షణాలలో ఇవన్నీ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన పది ప్రశ్నల పరీక్ష ఒకటి ఉంది, దాని పేరు ఆడిట్. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్తే కొద్ది నిమిషాల్లో ఆ ప్రశ్నలు అడిగి మీ పరిస్థితి ఎంతవరకు వచ్చిందో చెబుతారు.

దీక్షకు మరో కోణం కూడా ఉంది. ఉదయం, సాయంత్రం పూజ, తోటి స్వాముల సాంగత్యం, తాగే గుంపుకు దూరంగా ఉండటం, ఒక గురుస్వామి మాట వినడం అన్నవే ఆ రోజులను దాటించాయి. ఆ తోడు మాల తీసిన రోజునే తెగిపోతుంది. మీటింగు చేసే పని ఆ తోడును ఏడాది పొడవునా ఉంచడమే.

ఈ రోజు మానేసి రేపే మీటింగుకు వెళ్ళవచ్చా?

అప్పుడప్పుడు తాగేవారు వెళ్ళవచ్చు. రోజూ ఎక్కువ మోతాదులో తాగేవారు, ముఖ్యంగా పొద్దున్నే తాగే అలవాటు ఉన్నవారు, ముందు డాక్టరును కలవాలి. ఈ సమాధానాన్ని దయచేసి ఇంట్లోవారు కూడా చదవాలి.

ఏళ్ళ తరబడి మద్యానికి అలవాటు పడిన మెదడు అది ఒక్కసారిగా ఆగిపోతే అదుపు తప్పుతుంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల లోపల చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చలిస్తుంది; గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం వస్తుంది. పల్లెల్లో దీన్ని గాలి సోకిందనో, దయ్యం పట్టిందనో అనుకొని తాయెత్తు కట్టించడానికి తీసుకువెళ్తుంటారు. ఇది ప్రాణాపాయ స్థితి. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. అలాంటప్పుడు వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నీరసంగా ఉన్నాడని ఊళ్ళోనే గ్లూకోజు సీసా ఎక్కించి పంపిస్తుంటారు. ఎక్కువగా తాగేవారి ఒంట్లో బీ1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. సీసా ఎక్కించేవారు ఎవరైనా సరే, ఈ మనిషి రోజూ తాగేవాడని వారికి తప్పకుండా చెప్పండి. పరువు కోసం దాచకండి. నెల్లూరులో దర్గామిట్ట ప్రభుత్వ ఆసుపత్రి, ఒంగోలులో రిమ్స్ ఇలాంటి వైద్యానికి వెళ్ళదగిన చోట్లు. వారం పది రోజులు మందులతో ఒళ్ళు కుదుటపడిన తరువాత ఆ స్థితిని నిలబెట్టుకోవడానికి మీటింగు ఉపయోగపడుతుంది. వైద్యానికి అది ప్రత్యామ్నాయం కాదు.

దగ్గరలో మీటింగు ఎక్కడ ఉందో ఎలా కనుక్కోవాలి?

ఏఏ జాతీయ కార్యాలయం ముంబయిలోని బైకుల్లాలో ఉంది. దాని వెబ్‌సైటులో ఊరి పేరు పెట్టి వెతకవచ్చు, అక్కడి హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి మీ జిల్లా చెప్పి అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వం వ్యసన విముక్తి కోసం నడిపే 14446 నంబరుకు ఫోన్ చేసినా, మానసిక ఆరోగ్యానికి ఫోనులో సహాయం చేసే టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోన్ చేసినా డబ్బు ఖర్చు కాదు. టెలీ మానస్‌లో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో పనిచేసే డాక్టర్లకూ, కౌన్సిలర్లకూ స్థానిక గ్రూపుల వివరాలు తెలిసి ఉండే అవకాశం ఎక్కువ; నా సలహా అడిగితే ముందు అక్కడే అడగమంటాను.

జాబితాలో కనిపించిన చిరునామాను నమ్మి నేరుగా బస్సెక్కవద్దు. గ్రూపులు గది మారుస్తుంటాయి, రోజు మారుస్తుంటాయి, కొన్ని ఆగిపోతుంటాయి. కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో కూలి పోగొట్టుకొని వచ్చిన మనిషికి తాళం వేసిన తలుపు కనిపిస్తే అతడు రెండోసారి రాడు. ఫోన్ చేసి రోజు, సమయం, ఏ భాషలో జరుగుతుంది, కొత్తవారు రావచ్చా అన్న నాలుగు విషయాలు కనుక్కొని బయలుదేరండి. ఎవరైనా బస్టాండు దగ్గరకు వచ్చి తీసుకువెళ్తారా అని అడగడానికి కూడా మొహమాటపడకండి. కొత్తవారిని వెంటబెట్టుకు వెళ్ళడాన్ని పాత సభ్యులు తమ మేలు కోసం చేసే పనిగానే చూస్తారు.

2020 తరువాత ఫోనులో, వీడియోలో జరిగే మీటింగులు బాగా పెరిగాయి. మార్కాపురం, గిద్దలూరు వంటి పడమటి ప్రాంతాల వారికి ఇవి పెద్ద ఆసరా. అయినా వీలైనప్పుడల్లా మనుషుల మధ్య కూర్చోవడమే మేలని నేను నమ్ముతాను, ఎందుకంటే ఫోనులో తాగి ఉన్న సంగతి దాచడం సులభం.

మాది చిన్న ఊరు. మీటింగుకు వెళ్తూ ఎవరి కంటనైనా పడితే ఎలా?

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. వైన్ షాపు ముందు నిలబడినందుకు లేని సిగ్గు, మానడానికి వెళ్తున్నందుకు కలుగుతుంది. ఎగతాళి చేసేవారు ఉంటారు, పెళ్ళి సంబంధాల దాకా మాట వెళ్తుందని తల్లిదండ్రులు భయపడతారు. ఈ భయానికి కారణం ఉంది.

ఏఏ పేరులోని అనానిమస్ అన్న మాటకు ఆధారం ఈ భయమే. లోపల ఇంటిపేరు చెప్పనవసరం లేదు, ఊరు, ఉద్యోగం చెప్పనవసరం లేదు, అసలు పేరు కూడా చెప్పనవసరం లేదు. అక్కడ ఎవరిని చూశామో, ఏమి విన్నామో బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే నియమం. దాన్ని అమలు చేయడానికి పోలీసులు లేకపోయినా అది సాధారణంగా నిలబడుతుంది, ఎందుకంటే లోపల కూర్చున్న ప్రతివారికీ అదే రక్షణ కావాలి. మీ వీధిలోని వ్యక్తి అక్కడ కనిపించాడంటే అతడు కూడా మీలాగే వచ్చినవాడు. మిమ్మల్ని పట్టించడానికి వచ్చినవాడు కాదు.

అయినా మనసొప్పకపోతే పొరుగు పట్టణానికి వెళ్ళండి. ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు ఒకే రైలు దారిలో ఉన్నాయి. ఒక ఊరివారు ఇంకో ఊరిలోని మీటింగుకు వెళ్ళడాన్ని ఎవరూ తప్పుపట్టరు. తడ, సూళ్ళూరుపేట వైపు వారికి చెన్నై దగ్గర, అక్కడ గ్రూపులు చాలా ఉన్నాయి. గిద్దలూరు, కంభం వారికి నంద్యాల రైలు ఉంది. మొదటి కొన్ని నెలలు దూరపు మీటింగుకు వెళ్ళి, ధైర్యం వచ్చాక దగ్గరలోని దానికి మారడం మంచి పద్ధతి.

డాక్టరు దగ్గర రహస్యం ఉంటుందా అన్న అనుమానం కూడా వినిపిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల కలిగే మానసిక సమస్యలకు కూడా వర్తిస్తుంది. చట్టం పేర్కొన్న కొన్ని సందర్భాల్లో తప్ప మీ వైద్య వివరాలను రహస్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత అని ఆ చట్టం చెబుతోంది.

మొదటి రోజు లోపల ఏం జరుగుతుంది? నేను మాట్లాడాలా?

మాట్లాడనవసరం లేదు. మీ వంతు వచ్చినప్పుడు ఈ రోజు వినడానికి వచ్చానంటే సరిపోతుంది. మీటింగు సాధారణంగా గంట, గంటన్నర ఉంటుంది. చిన్న ప్రార్థనతో మొదలుపెట్టి, పన్నెండు మెట్లు అని పిలిచే సూత్రాలలో కొంత చదువుతారు. తరువాత ఒక్కొక్కరు పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, తాగిన రోజుల్లో ఏం జరిగింది, ఎలా ఆపగలిగారు, ఇప్పుడు ఎలా ఉన్నారు అన్నది చెబుతారు. దీన్ని షేరింగ్ అంటారు. ఒకరు చెబుతుంటే మధ్యలో ప్రశ్నించడం, సలహా ఇవ్వడం, తీర్పు చెప్పడం చేయరు. మన రచ్చబండ పంచాయతీకి పూర్తిగా భిన్నమైన పద్ధతి ఇది. ఇక్కడ నిలదీసేవారు లేరు.

మీటింగులు రెండు రకాలు. ఓపెన్ మీటింగుకు కుటుంబ సభ్యులు, విద్యార్థులు, ఆసక్తి ఉన్న ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమే. కొన్నాళ్ళు గడిచాక అనుభవమున్న ఒకరిని స్పాన్సరుగా పెట్టుకోమంటారు. ఇక్కడ స్పాన్సర్ అంటే డబ్బు పెట్టేవారు కాదు, తాగాలనిపించినప్పుడు ఏ వేళనైనా ఫోన్ చేయదగిన మనిషి.

డబ్బు ఎంత అవుతుంది?

ఏమీ కాదు. గది అద్దెకు, టీకి సభ్యులు తోచినంత వేస్తారు, వేయకపోయినా ఎవరూ అడగరు. బయటివారి నుంచి విరాళాలు తీసుకోకూడదని ఏఏ నియమం. మీటింగు పేరు చెప్పి ఎవరైనా వేలకు వేలు అడిగితే అది ఏఏ కాదు.

చర్చి గదిలో జరుగుతుందట. మతం మారుస్తారా?

మార్చరు. చర్చి, బడి, ఆసుపత్రి, ఎక్కడ గది దొరికితే అక్కడ పెట్టుకుంటారు. పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, కానీ ఎవరు ఏ విధంగా అర్థం చేసుకుంటే ఆ దేవుడు అన్న మాట కూడా ఆ మెట్లలోనే ఉంది. వెంకటేశ్వరుడిని కొలిచేవారు, దర్గాకు వెళ్ళేవారు, ఏ దేవుడినీ నమ్మనివారు ఒకే వరుసలో కూర్చుంటారు. దేవుడి మాటే వద్దనుకునేవారికి స్మార్ట్ రికవరీ అనే మరో పద్ధతి ఉంది, దాని మీటింగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

తాగి ఉన్న రోజు కూడా రావచ్చా?

గొడవ చేయకుండా కూర్చోగలిగితే సాధారణంగా రానిస్తారు. ఆ రోజు మాట్లాడకుండా వినమంటారు. బండి నడుపుకుంటూ మాత్రం రావద్దు.

ఆడవారికి చోటు ఉందా?

ఉంది. మన దగ్గర మీటింగుల్లో మగవారే ఎక్కువగా కనిపించడం వల్ల ఆడవారు లోపలికి రావడానికి జంకుతారు, ఇంట్లో రహస్యంగా తాగుతూ మరింత ఒంటరివారవుతారు. ఆడవారి కోసమే జరిగే ఆన్‌లైన్ మీటింగులతో మొదలుపెట్టవచ్చు. ఫోన్ చేసినప్పుడు మహిళా సభ్యురాలితో మాట్లాడించమని అడగండి, ఆ కోరిక న్యాయమైనది. మగ సభ్యుడిని స్పాన్సరుగా పెట్టుకోవద్దని ఆడవారికి గ్రూపులే చెబుతాయి.

మా ఆయన రానంటున్నారు. నేనేం చేయాలి?

మీరు వెళ్ళండి. తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే సంస్థ ఉంది. 1951లో, తాగుడు మానినవారి భార్యలు కలిసి మొదలుపెట్టారు. పిల్లల కోసం అలాటీన్ ఉంది. ఆయన మానినా మానకపోయినా మీ మనసు, మీ పిల్లల మనసు నిలబడటం అక్కడి లక్ష్యం. అప్పులవాళ్ళకు సర్దిచెప్పడం, పనిచోట జ్వరమని అబద్ధం చెప్పడం, తాగి పడిపోతే మోసుకురావడం ఇంతకాలం ప్రేమతోనే చేసి ఉంటారు, కానీ తాగుడు వల్ల వచ్చే కష్టం ఆయనకు తగలకుండా అడ్డుపడిందీ ఆ పనులే. ఏది ఆపాలో, ఎలా ఆపాలో అదే దారిలో నడిచిన తోటి ఆడవారు చెబితే అర్థమైనట్టుగా ఎవరు చెప్పినా అర్థం కాదు. కొడుతుంటే మాత్రం మీటింగు కోసం ఆగవద్దు. 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

సాంబారులోనో మజ్జిగలోనో తెలియకుండా మందు కలిపి మాన్పించవచ్చని చెప్పేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి గుండెకు ముప్పు వస్తుంది. మాత్ర ఆపిన తరువాత కూడా రెండు వారాల వరకు ఆ ప్రమాదం ఉండవచ్చు. అది రోగికి అన్నీ చెప్పి, అతడి ఒప్పుకోలుతో, డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వవలసిన మందు. పేరు తెలియని పొడుల్లో ఏముందో అసలు తెలియదు.

బలవంతంగా సెంటరులో చేర్పించడం మంచిదా?

మంచి సెంటర్లు ఉన్నాయి, డాక్టరు అందుబాటులో ఉండి, రోగిని గౌరవించేవి. చేర్చే ముందు లోపలికి వెళ్ళి చూడండి, డాక్టరు ఎప్పుడు వస్తారో అడగండి, ఇంట్లోవారిని కలవనిస్తారో లేదో తెలుసుకోండి. రోగిని గొలుసులతో కట్టడం పైన చెప్పిన 2017 చట్టం ప్రకారం నిషిద్ధం. కొట్టి మాన్పిస్తామనేవారి దగ్గర మీ మనిషిని వదలకండి. సెంటరు నుంచి వచ్చిన తరువాత మొదటి వారంలోనే మీటింగుకు వెళ్ళడం మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్కడ లేని వైన్ షాపు ఇక్కడ దారిలోనే ఉంటుంది.

ఇవి నిజంగా పనిచేస్తాయా, లేక మాటలేనా?

వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 10,565 మంది ఫలితాలను కలిపి పరిశీలించింది. ఏఏకూ, ఏఏలో చేరేలా ప్రోత్సహించే చికిత్సకూ వెళ్ళినవారిలో ఏడాది తరువాత పూర్తిగా మానేసి ఉన్నవారు సుమారు 42 శాతం. ఇతర మానసిక చికిత్సలు పొందినవారిలో సుమారు 35 శాతం. అంటే ఇది ఉచితంగా దొరుకుతూ, ఖరీదైన చికిత్సలకు తీసిపోని మార్గం. ఏడాది నిలబడలేనివారు సగానికి పైగా ఉన్నారన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. అందువల్ల డాక్టరు ఇచ్చిన మందులనూ, మీటింగునూ రెండింటినీ పట్టుకోమని చెబుతాను.

మానేసి మళ్ళీ తాగాను. ఏ ముఖం పెట్టుకొని వెళ్ళాలి?

అదే ముఖంతో, వీలైతే ఆ వారమే. అక్కడ కూర్చున్నవారిలో చాలామంది అలా తిరిగి వచ్చినవారే. తాగిన కారణాన్ని కాకుండా తాగిన రోజును గుర్తుచేసుకోండి. పొగాకు వేలం డబ్బు ఖాతాలో పడిన రోజా, రొయ్యల గుంట పట్టుబడి ముగిసిన రాత్రా, చీమకుర్తి క్వారీలో వారం జీతం అందిన శనివారమా, తిరునాళ్ళా? చేతిలో డబ్బు, పక్కన పాత గుంపు కలిసే రోజులు ముందే తెలుస్తాయి. ఆ రోజుకు ముందుగానే స్పాన్సరుకు చెప్పి, ఆ సాయంత్రం మీటింగులోనో అతడి ఇంట్లోనో గడిపేలా చూసుకోవచ్చు.

వేటకు వెళ్ళేవాళ్ళం, ప్రతి వారం రాలేము. ఎలా?

వచ్చిన వారమే రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. పనిలేని ఆ రెండు నెలల్లో తాగుడు పెరగడం తీరగ్రామాల్లో అందరూ చూసేదే. ముందు డాక్టరును కలిసి, ఆ కాలంలో రోజు విడిచి రోజైనా మీటింగుకు వెళ్ళగలిగితే, మళ్ళీ పడవ ఎక్కేనాటికి నలుగురి ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉంటాయి. చదువు రాకపోయినా ఇబ్బంది లేదు, అంతా వినడం, చెప్పడమే.

దుకాణాలు మూయిస్తే పోయేదానికి ఇవన్నీ ఎందుకు?

ఈ ప్రశ్న అడిగే హక్కు నెల్లూరు జిల్లా ఆడవారికి అందరికంటే ఎక్కువగా ఉంది. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న మహిళలు సారా అంగడి మీద తిరగబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తివేశారు. దుకాణం దూరమైతే కొత్తగా అలవాటు పడేవారు తగ్గుతారు, అందుకు పోరాడవలసిందే. కానీ అప్పటికే బానిసైన మనిషికి అంగడి మూతపడినంత మాత్రాన చికిత్స అందదు. అతడు బెల్టు షాపునో నాటుసారానో వెతుక్కుంటాడు. ఊరి పోరాటం ఒకటి, ఆ మనిషి వైద్యం ఒకటి; రెండూ కావాలి.

మా ఊరి దగ్గర మీటింగే లేదు. మేమే మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు. తాగుడు మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే ఏఏ దృష్టిలో అదే గ్రూపు. ఎవరి అనుమతీ అక్కరలేదు. పంచాయతీ గది గానీ, బడి గది గానీ వారానికి ఒక సాయంత్రం అడిగి తీసుకోండి. పార్టీ నాయకుడి ఇల్లు, కుల సంఘం భవనం మాత్రం వద్దు, సగం ఊరు లోపలికి రాదు. ముంబయి కార్యాలయానికి తెలియజేస్తే జాబితాలో చేర్చి, పుస్తకాలు ఎలా తెప్పించుకోవాలో చెబుతారు. దగ్గరి పట్టణంలోని పాత సభ్యులను మొదటి కొన్ని వారాలు వచ్చి కూర్చోమని అడగండి. ఎంచుకున్న రోజు, వేళ మార్చకండి. ఒక్కరే వచ్చినా తలుపు తీసి, గంటసేపు కూర్చొని వెళ్ళండి, ఎందుకంటే రావాలా వద్దా అని నెలల తరబడి ఆలోచించిన మనిషి ఏ వారం వస్తాడో ముందుగా తెలియదు. ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో, ఆశా కార్యకర్తల దగ్గర, మందుల షాపులో ఫోన్ నంబరు, రోజు, సమయం ఉన్న చిన్న కాగితం ఇచ్చి ఉంచండి.